ప్రాణం ఉంటే పనిచేస్తున్నట్టేనా? మెయిల్ సర్వర్ల హెల్త్ చెక్‌లపై ఒక సమీక్ష

2022 జనవరి 1న ఎన్నో దేశాల్లో, సొంత ప్రాంగణంలో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లు నడుపుకుంటున్న సంస్థలకు ఈమెయిల్ ఆగిపోయింది. మాల్వేర్‌ను వడకట్టే ఇంజన్ తన అప్‌డేట్ సంఖ్యను తేదీ రూపంలో రాసుకునేది. కొత్త సంవత్సరం రాగానే ఆ సంఖ్య 2201010001 అయింది. అది దాచుకునే 32 బిట్ల సైన్డ్ గడిలో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. ఇంజన్ ఆ సంఖ్యను చదవలేక కూలబడింది. వడపోత పూర్తికాని ఉత్తరాలు ట్రాన్స్‌పోర్ట్ క్యూలో పేరుకుపోయాయి.

సర్వర్లు మాత్రం లేచే ఉన్నాయి. వచ్చిన ఉత్తరాన్ని తీసుకున్నాయి, క్యూలో పెట్టుకున్నాయి. వాటి ముందు నిలబడి కనెక్షన్లను పంచే లోడ్ బ్యాలెన్సర్, మెయిల్ వచ్చే 25వ పోర్టు తెరిచి ఉందా అని మాత్రమే చూసేదైతే, ఆ రోజంతా దాని తెర మీద ఒక్క ఎర్ర దీపం కూడా వెలగడానికి కారణం లేదు.

సర్వర్ బతికి ఉందా అన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు వచ్చే ఉత్తరానికి అది పూచీ పడగలదా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు కనుక్కోవడం సులువు కాబట్టి మనలో చాలామంది అక్కడితో ఆగిపోతాం. రెండోదాని వెంట పడినవాళ్లు కొందరు అతిగా పోయి, బాగున్న సర్వర్లను కూడా పంపకపు వరస (పూల్) నుంచి తీసేసుకుంటారు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ వ్యాసం. నా మాట ముందే చెబుతాను: లోతైన పరీక్షలు తప్పక చేయాలి, కానీ వాటి ఫలితం మనిషికి చేరాలి. సర్వర్‌ను వరస నుంచి తప్పించే అధికారం మాత్రం నిస్సారంగా కనిపించే చిన్న పరీక్ష చేతిలోనే ఉంచాలి.

వెబ్ కోసం పుట్టిన పెట్టె

లోడ్ బ్యాలెన్సర్ మెయిల్ కోసం పుట్టలేదు. సిస్కో లోకల్‌డైరెక్టర్ 1996లో, ఎఫ్5 వారి బిగ్-ఐపీ 1997లో వెబ్‌సైట్ల రద్దీని పంచడానికి వచ్చాయి. 1998లో వెన్‌సాంగ్ ఝాంగ్ మొదలుపెట్టిన లైనక్స్ వర్చువల్ సర్వర్, 2001లో విల్లీ తారో విడుదల చేసిన హెచ్ఏప్రాక్సీ కూడా ప్రధానంగా ఆ బాటలోనివే. వెబ్‌లో ఒక అభ్యర్థన, ఒక జవాబు. అంతటితో లావాదేవీ ముగుస్తుంది. జవాబు 200 అయితే సర్వర్ బాగున్నట్టు. ఈ ఆలోచన మెయిల్‌కు యథాతథంగా నప్పదు.

మెయిల్‌కు అప్పటికే తనదైన పంపకం ఉంది. 1986లో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 974తో ఎంఎక్స్ రికార్డుల పద్ధతి స్థిరపడింది. ఒక డొమైన్‌కు ఎన్ని సర్వర్లయినా ప్రకటించవచ్చు, ఒక్కోదానికి ఒక ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. సమాన ప్రాధాన్యం ఉన్నవాటిలో దేన్ని పట్టుకోవాలో పంపేవాడు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలని, బరువు పంచడానికే ఈ ఏర్పాటని ఇప్పటి ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 స్పష్టంగా చెబుతుంది. ఒకటి పలకకపోతే పంపేవాడు రెండోదాన్ని ప్రయత్నిస్తాడు. ఏదీ పలకకపోతే ఉత్తరాన్ని తన దగ్గరే దాచుకుని, అరగంటకో అంతకంటే ఎక్కువ విరామానికో మళ్లీ వస్తాడు. నాలుగైదు రోజుల వరకు ఓపిక పట్టాలన్నది ప్రమాణంలోని మాట.

అంటే బయటి నుంచి వచ్చే మెయిల్ విషయంలో హెల్త్ చెక్ చేసే పని పంపేవాడే చేస్తున్నాడు, అదీ అసలు ఉత్తరంతోనే. అందుకే ఇన్‌బౌండ్ మెయిల్‌కు లోడ్ బ్యాలెన్సర్ అవసరమా అని ఎవరైనా అడిగితే, చిన్న, మధ్యస్థాయి సంస్థలకు అక్కర్లేదనే నా జవాబు. రెండు ఎంఎక్స్‌లు ఉన్నచోట ఒక్క వర్చువల్ ఐపీ పెట్టి, ఉన్న భద్రతను ఒకే గుమ్మానికి కుదించినవాళ్లున్నారు. పెట్టక తప్పకపోతే రెండు ఎంఎక్స్ పేర్ల వెనక రెండు వేర్వేరు బ్యాలెన్సర్లు ఉండాలి.

అసలు అవసరం వేరేచోట ఉంది. 587, 465 పోర్టుల్లో ఉద్యోగి తన ఉత్తరం పంపుతున్నప్పుడు అవతల ఎదురుచూసేది క్యూ ఉన్న యంత్రం కాదు, మనిషి. ఐమ్యాప్ మీద ఇన్‌బాక్స్ తెరిచినప్పుడూ అంతే. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది లోపలి రిలే. బిల్లులు, ఓటీపీలు, హాల్‌టికెట్లు, జీతపు చీటీలు పంపే ప్రోగ్రాములు చాలావాటికి సొంత క్యూ ఉండదు. కనెక్షన్ ఒక్కసారి తెగితే లాగ్‌లో ఒక వరుస రాసి ముందుకు పోతాయి. ఆ ఉత్తరం ఇక ఎప్పటికీ రాదు. మెయిల్‌కు లోడ్ బ్యాలెన్సర్ అత్యంత ఉపయోగపడేది ఇక్కడే, హెల్త్ చెక్ విషయంలో అత్యంత శ్రద్ధ పెట్టాల్సిందీ ఇక్కడే.

పోర్టు తెరిచి ఉండడంలో రుజువయ్యేది

అన్నిటికంటే కింది మెట్టు టీసీపీ పరీక్ష. పోర్టుకు కనెక్షన్ కుదిరిందా లేదా అన్నదే దాని పరిధి. దుకాణం షట్టర్ పైకి లేచి ఉందని రోడ్డు మీంచి చూసి, లోపల సరుకు ఉందని, తూచి ఇచ్చే మనిషి ఉన్నాడని అనుకోవడం లాంటిదిది.

టీసీపీ కరచాలనాన్ని పూర్తి చేసేది మెయిల్ సాఫ్ట్‌వేర్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌లో ఒక సేవకు ఏకకాలంలో నడిచే ప్రక్రియల పరిమితి మామూలుగా 100. ఆ వందా నెమ్మదిగా మాట్లాడే స్పామర్లతో నిండిపోయాయనుకుందాం. 101వ కనెక్షన్‌ను కెర్నెల్ నిశ్చింతగా అంగీకరించి వరసలో నిలబెడుతుంది. అవతలివాడికి కనెక్షన్ కుదిరింది, 220 పలకరింపు మాత్రం రాదు. టీసీపీ పరీక్ష దృష్టిలో ఆ సర్వర్ నిక్షేపంగా ఉంది. ప్రక్రియను సిగ్నల్ పంపి స్తంభింపజేసినా ఇదే ఫలితం. నమ్మనివారు తమ టెస్ట్ యంత్రం మీద చేసి చూడవచ్చు, అయిదు నిమిషాల పని.

క్లౌడ్‌లో ఉన్నవారికి ఈ మెట్టు దాటడం కష్టం. అమెజాన్ నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్‌కు టీసీపీ, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ పరీక్షలే తెలుసు. అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌దీ అదే కథ. మెయిల్ సర్వర్ల భాష అయిన ఎస్ఎంటీపీ మాట్లాడడం వాటికి రాదు. అలాంటప్పుడు దారి ఒక్కటే: మెయిల్ సర్వర్ పక్కనే చిన్న హెచ్‌టీటీపీ సేవ ఒకటి నడిపి, దాని చేత సర్వర్ స్థితిని చెప్పించడం. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఎక్కువ, కారణం తర్వాత చెబుతాను.

పలకరింపు వరకు

రెండో మెట్టు ప్రోటోకాల్ పరీక్ష. కనెక్ట్ అయి 220 కోసం ఆగడం, ఈహెలో చెప్పడం, 250 వచ్చాక క్విట్ చెప్పి మర్యాదగా వెళ్లిపోవడం. హెచ్ఏప్రాక్సీలో ఎస్ఎంటీపీ చెక్, అలెగ్జాండర్ కాసెన్ రాసిన కీప్‌అలైవ్‌డీలో ఎస్ఎంటీపీ చెక్, బిగ్-ఐపీలో ఎస్ఎంటీపీ మానిటర్ చేసేది స్థూలంగా ఇదే. పాప్‌కైతే ప్లస్ ఓకే, ఐమ్యాప్‌కైతే చుక్కగుర్తు తర్వాత ఓకే అన్న తొలి వరుస కోసం చూస్తారు. వంద ప్రక్రియలు నిండిపోయిన సర్వర్ ఇక్కడ దొరికిపోతుంది.

అయితే మెయిల్ లోకంలో పలకరింపుకు ఒక చరిత్ర ఉంది. ఆలస్యంగా పలకడం అక్కడ జబ్బు లక్షణం కానక్కర్లేదు, రక్షణ కూడా కావచ్చు. స్పామ్ పంపే ప్రోగ్రాములు పలకరింపు కోసం ఆగకుండా ముందే మాట్లాడేస్తాయి కాబట్టి, వాటిని పట్టుకోవడానికి సర్వర్ కావాలని తాత్సారం చేస్తుంది. సెండ్‌మెయిల్ 8.13లో ఈ సౌకర్యం వచ్చింది. పోస్ట్‌ఫిక్స్‌లో పోస్ట్‌స్క్రీన్ మామూలు వేళల్లో 6 సెకన్లు ఆగుతుంది. ఎక్జిమ్ అయితే పలకరించకముందే మాట్లాడినవాడి కనెక్షన్‌ను క్రమం తప్పాడంటూ తెంచేస్తుంది. పైగా పోస్ట్‌ఫిక్స్ పలకరించేముందు వచ్చినవాడి ఐపీకి పేరేమిటో డీఎన్ఎస్‌లో వెతుకుతుంది. డీఎన్ఎస్ మందగిస్తే పలకరింపు మందగిస్తుంది.

ఇప్పుడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. తొలి 220 కోసం పంపేవాడు 5 నిమిషాలు ఆగాలని ఆర్‌ఎఫ్‌సీ 5321 సూచిస్తుంది. హెచ్ఏప్రాక్సీ మామూలు అమరికలో 2 సెకన్లకోసారి పరీక్షించి, వరసగా 3 సార్లు తప్పితే సర్వర్ పోయిందంటుంది. బిగ్-ఐపీ 5 సెకన్లకోసారి అడిగి, 16 సెకన్లలో జవాబు రాకపోతే అదే మాట అంటుంది. అసలు ఉత్తరం తెచ్చినవాడు 5 నిమిషాలు ఓపిక పట్టగలిగినచోట, ఉత్తరం లేకుండా వచ్చిన పరీక్షకుడు 6 సెకన్లలో తీర్పు చెబుతున్నాడు. వెబ్ కోసం ఎంచుకున్న ఓపికను మెయిల్ మీద రుద్దితే జరిగేది ఇదే. ఇన్‌బౌండ్ సర్వర్లకు 15 నుంచి 30 సెకన్ల విరామం, పలకరింపుకు కనీసం 10 సెకన్ల గడువు ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. బ్యాలెన్సర్ ఐపీని పోస్ట్‌స్క్రీన్ అనుమతి జాబితాలో చేర్చాలి, దాని పేరు సర్వర్ హోస్ట్స్ ఫైల్‌లో రాయాలి. అప్పుడు ఆ పరీక్ష తాత్సారానికీ డీఎన్ఎస్‌కూ అతీతమవుతుంది.

లాగ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2 సెకన్లకోసారి అంటే రోజుకు 43,200 పరీక్షలు. జంటగా రెండు బ్యాలెన్సర్లుంటే 86,400. ఒక్కోదానికి పోస్ట్‌ఫిక్స్ రెండు మూడు వరుసలు రాస్తుంది: వచ్చాడు, కనెక్ట్ అయ్యాక మాట్లాడకుండానే తెగిపోయాడు, వెళ్లాడు. ఐమ్యాప్ సర్వర్ డవ్‌కాట్ అయితే లాగిన్ ప్రయత్నం లేకుండానే వెళ్లిపోయాడని రాస్తుంది. ఉత్తరం ఎక్కడ పోయిందో వెతికే మనిషికి ఈ లక్షల వరుసల మధ్య అసలు వరుస కనిపించదు. లాగ్‌లు చూసి అనుమానాస్పద ఐపీలను నిషేధించే ఫెయిల్‌టుబ్యాన్ లాంటి సాధనం ఉంటే, అది బ్యాలెన్సర్ ఐపీనే నిషేధించే ప్రమాదం ఉంది. విరామం పెంచితే ఈ బాధ సగం తీరుతుంది. క్విట్ చెప్పి వెళ్లే పరీక్షను ఎంచుకుంటే మిగతా సగంలో కొంత తీరుతుంది.

డిస్కు నిండిన సర్వర్ కూడా నమస్కారం పెడుతుంది

పలకరింపు పరీక్షకు ఉన్న అసలు లోపం వేరు. ఎస్ఎంటీపీలో ఇబ్బందులు సంభాషణ మధ్యలో బయటపడతాయి.

పోస్ట్‌ఫిక్స్ క్యూ ఉన్న డిస్కు నిండిందనుకోండి. ఉత్తరం పరిమాణ పరిమితికి ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే, పంపినవాడి చిరునామా చెప్పే మెయిల్ ఫ్రమ్ దశలో అది 452 అంటుంది. అంతకుముందు 220, 250 రెండూ చక్కగా ఇస్తుంది. ఉద్యోగుల చిరునామాలున్న ఎల్‌డ్యాప్ డైరెక్టరీ అందకపోతే, చేరాల్సినవాడి పేరు చెప్పే దశలో 451 వస్తుంది. స్పామ్ వడపోత చేసే మిల్టర్ పడిపోతే, మామూలు అమరికలో, మళ్లీ రమ్మని మరో 451. ఎక్స్ఛేంజ్‌లో మెమరీ, డిస్కు ఒత్తిడికి లోనైనప్పుడు బ్యాక్ ప్రెషర్ మొదలై వనరులు చాలవంటూ 452 వస్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాన్నీ పలకరింపు పరీక్ష పట్టుకోలేదు.

కాబట్టి ఇంకో మెట్టు ఎక్కి, మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ వరకు వెళ్లి, ఉత్తరం ఇవ్వకుండా వెనక్కి రావాలన్న సూచన సహజంగానే వచ్చింది. హెచ్ఏప్రాక్సీ టీసీపీ చెక్ వరుసలతో దీన్ని రాసుకోవచ్చు. ప్రతి సర్వర్ పోస్ట్‌మాస్టర్ చిరునామాను అంగీకరించి తీరాలన్న నియమం ఉంది కాబట్టి ఆ పేరు వాడేవాళ్లు ఎక్కువ. కానీ చాలాచోట్ల పోస్ట్‌మాస్టర్ పేరు సర్వర్‌లోని అలియాస్ ఫైల్‌లోనే దొరుకుతుంది, వెతుకులాట ఎల్‌డ్యాప్ వరకు పోదు. డైరెక్టరీ చచ్చిపోయినా పరీక్ష పాసవుతుంది. డైరెక్టరీని పరీక్షించాలంటే డైరెక్టరీలోనే ఉన్న ఒక ప్రత్యేక ఖాతా కావాలి.

ఇక్కడి నుంచే అసలు చిక్కు మొదలవుతుంది. నాలుగు మెయిల్ సర్వర్లున్నాయి, నాలుగూ ఒకే ఎల్‌డ్యాప్‌ను అడుగుతాయి. ఎల్‌డ్యాప్ అరనిమిషం తడబడింది. లోతైన పరీక్ష నాలుగింటిలోనూ ఒకేసారి తప్పింది. బ్యాలెన్సర్ నాలుగింటినీ తీసేసింది. ఇప్పుడు వచ్చేవాడికి 451 అని చెప్పి, తర్వాత రమ్మనే సర్వర్ కూడా లేదు. సర్వర్లను తీసేయడం వల్ల ఎల్‌డ్యాప్ బాగుపడిందా అంటే అదీ లేదు. క్యూ ఉన్నవాడికి ఇది కాసేపటి ఆలస్యం. క్యూ లేని ఓటీపీ ప్రోగ్రాముకు మాత్రం నష్టమే. డైరెక్టరీ అవసరం లేకుండా బయటికి పోయే ఉత్తరాలను ఆ నాలుగు సర్వర్లూ నిక్షేపంగా తీసుకుని ఉండేవి.

లాగిన్ పరీక్షలతో ఇది ఇంకా తీవ్రం. బిగ్-ఐపీ ఐమ్యాప్, పాప్ మానిటర్లకు ఒక ఖాతా పేరు, పాస్‌వర్డ్ ఇస్తే అవి లాగిన్ అయి చూస్తాయి. ఆ ఖాతా పాస్‌వర్డ్ గడువు ముగిసిన రోజు, సర్వర్లలో ఏ లోపమూ లేకుండానే పూల్ మొత్తం ఖాళీ అవుతుంది. ఒక భద్రతా విధానం ప్రకారం దానంతటదే జరిగే సంఘటన సంస్థ మెయిల్ మొత్తాన్ని ఆపగలగడం అంగీకరించదగ్గది కాదు.

ఈ ప్రమాదం తెలిసినవాళ్లు కొన్ని వ్యవస్థల్లో విరుగుడు పెట్టారు. అమెజాన్ బ్యాలెన్సర్లు అన్ని సర్వర్లూ పరీక్ష తప్పితే ఆ పరీక్షనే అనుమానించి అన్నిటికీ ట్రాఫిక్ పంపుతాయి. ఎన్వాయ్ ప్రాక్సీ కూడా, ఆరోగ్యంగా ఉన్నవాటి వాటా 50 శాతం కంటే తగ్గితే, అలాగే చేస్తుంది. అన్నీ ఒకేసారి చెడాయంటే చెడింది అవి కాకపోవచ్చు అన్న ఈ వివేకం మెయిల్‌కు మరీ అవసరం. హెచ్ఏప్రాక్సీ దీన్ని తనంతట తాను చేయదు, మనం అమర్చుకోవాలి.

పరిశోధకులు దీన్ని ఎలా చూశారు

సర్వర్ చచ్చిందో, నెమ్మదించిందో దూరం నుంచి కచ్చితంగా తేల్చలేమన్న సంగతిని చంద్ర, టూగ్ 1990లలోనే సిద్ధాంతీకరించారు. వైఫల్యాన్ని కనిపెట్టే యంత్రాంగం ఏదైనా పొరపాటు పడుతుందని ఒప్పుకుని, ఎలాంటి పొరపాట్లను భరించగలమో చూసుకోవాలన్నది వారి పని సారం. మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది 2017లో హాట్‌ఓఎస్ సదస్సులో పెంగ్ హువాంగ్, ఆయన సహచరులు గ్రే ఫెయిల్యూర్ మీద సమర్పించిన పత్రం. అజూర్ అనుభవాల మీద రాసిన ఆ పత్రం చెప్పేది ఒక్కటే: వాడేవాడి కంటికి చెడిపోయినట్టు కనిపించేది పరీక్షకుడి కంటికి బాగున్నట్టు కనిపించడమే పెద్ద క్లౌడ్ వ్యవస్థల్లో తీవ్రమైన గండం. డిస్కు నిండిన పోస్ట్‌ఫిక్స్‌కు ఇంతకంటే సరైన వర్ణన లేదు.

సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984లో అచ్చువేసిన ఎండ్-టు-ఎండ్ వాదాన్నీ ఇక్కడ తలుచుకోవాలి. ఒక పని సరిగ్గా జరిగిందో లేదో చివర్లలో ఉన్నవాళ్లే నిశ్చయంగా చెప్పగలరు, మధ్యలో ఉన్న పొర చేసే పరీక్ష వేగాన్ని పెంచడానికే తప్ప హామీకి పనికిరాదు అన్నది దాని సారం. లోడ్ బ్యాలెన్సర్ సరిగ్గా ఆ మధ్య పొర. మెయిల్‌లో హామీ ఎక్కడ పుడుతుంది? ఉత్తరం చివరి చుక్క తర్వాత సర్వర్ 250 అన్నప్పుడు. ఆ క్షణం నుంచి ఉత్తరానికి పూచీ దానిదే, యంత్రం కూలిందని, చోటు చాల్లేదని సాకు చెప్పి పోగొట్టకూడదని ప్రమాణం శాసిస్తుంది. ఆ 250 వరకు వెళ్లని ఏ పరీక్షా పూచీని కొలవలేదు. వెళ్లే పరీక్షను 2 సెకన్లకోసారి చేయలేం.

తక్కువ కనెక్షన్లున్న సర్వర్ ఎందుకు ఖాళీగా ఉంది?

ఐమ్యాప్ కనెక్షన్లు గంటల తరబడి నిలుస్తాయి. కొత్త ఉత్తరం కోసం ఐడిల్‌లో కూర్చున్న ఫోన్ దాదాపు 29 నిమిషాలకోసారి ఆ ఆదేశాన్ని పునరుద్ధరిస్తూ అదే కనెక్షన్ మీద ఉంటుంది. సర్వర్ పరీక్ష తప్పినా, పాత కనెక్షన్లను తెంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే హెచ్ఏప్రాక్సీ వాటిని ముట్టుకోదు. కొత్తవాళ్లు బాగున్న సర్వర్‌కు పోతారు, పాతవాళ్లు జబ్బుపడ్డ సర్వర్ మీదే వేలాడుతారు. తెంచమంటే వేలమంది ఒకే క్షణంలో మళ్లీ లాగిన్ అవుతారు, పాస్‌వర్డ్ సరిచూసే సేవ ఆ బరువుకు కుంగుతుంది. పాస్‌వర్డ్ హ్యాష్‌లను కావాలనే ఖరీదుగా తయారుచేస్తాం కదా. కోలుకున్న సర్వర్‌కు బరువును నెమ్మదిగా పెంచే స్లోస్టార్ట్ ఇక్కడ విలాసం కాదు.

పొడవాటి కనెక్షన్లకు తక్కువ కనెక్షన్లున్న సర్వర్‌ను ఎంచుకునే పద్ధతి మంచిదంటారు, నిజమే. కానీ హెల్త్ చెక్ నిస్సారమైనప్పుడు ఇదే పద్ధతి ఎదురుతిరుగుతుంది. వచ్చినవాడికల్లా వెంటనే 451 చెప్పి పంపేసే సర్వర్ దగ్గర కనెక్షన్లు నిలవవు. ఎప్పుడు చూసినా అది ఖాళీగానే ఉంటుంది. బ్యాలెన్సర్ దాన్నే ఎంచుకుంటుంది. నాలుగింటిలో ఒకటి చెడితే పావు వంతు ట్రాఫిక్ పోవాల్సిందిపోయి, చాలావరకు దాని నోట్లోకే పోతుంది. నాకు తెలిసిన మెయిల్ వైఫల్యాల్లో తక్కువ చర్చకు వచ్చి, ఎక్కువ నష్టం చేసేది ఇదే. లోపలి రిలేలకు సాదా వంతులవారీ పద్ధతే క్షేమం.

డవ్‌కాట్ వాడేవారికి ఇంకో మాట. మెయిల్‌బాక్సులు ఎన్ఎఫ్ఎస్ మీద ఉండి, ఒకే వాడుకరిని రెండు సర్వర్లు ఏకకాలంలో తెరిస్తే ఇండెక్స్ ఫైళ్లు చెడిపోతాయి. సర్వర్ ఊరికే పడుతూ లేస్తూ కనిపిస్తే వాడుకరులు అటూ ఇటూ మారుతుంటారు. అక్కడ తప్పుడు అలారం ఖర్చు ఆలస్యంతో పోదు, డేటాకు దెబ్బ. కోలుకున్నట్టు ప్రకటించడానికి ఎక్కువ వరస విజయాలు అడగాలి.

ఎవరు వచ్చారో తెలియని సర్వర్

హెల్త్ చెక్ వ్యాసంలో ఇది పక్కదారిలా అనిపించవచ్చు, కానీ విడదీయలేం. బ్యాలెన్సర్ ఐపీని మార్చి పంపితే మెయిల్ సర్వర్‌కు లోకమంతా ఒకే చిరునామా నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ సరిచూడడం, నిషిద్ధ జాబితాలు అడగడం అన్నీ అర్థరహితమవుతాయి. పోస్ట్‌ఫిక్స్ ఒక్కో ఐపీకి ఏకకాలంలో 50 కనెక్షన్లే ఇస్తుంది కాబట్టి రద్దీ వేళ 421 మొదలవుతుంది. హెల్త్ చెక్ సాఫీగా సాగాలని బ్యాలెన్సర్ ఐపీని నమ్మకమైన నెట్‌వర్క్ జాబితాలో పెడితే, ఆ ఒక్క వరుసతో సర్వర్ ఓపెన్ రిలే అవుతుంది. లోకంలోని స్పామర్లందరికీ తలుపు తీసినట్టే. పరీక్షకు మినహాయింపు పోస్ట్‌స్క్రీన్ జాబితాలోనే ఇవ్వాలి, రిలే అనుమతిలో ఎన్నటికీ కాదు. ప్రాక్సీ ప్రోటోకాల్ వాడితే అసలు ఐపీ అందుతుంది. అప్పుడు హెల్త్ చెక్ కూడా ఆ హెడర్‌తోనే వెళ్లాలి, లేకపోతే బాగున్న సర్వర్ ఎర్రబడుతుంది.

220కీ 550కీ మధ్య

బ్యాలెన్సర్ పట్టుకోలేని వైఫల్యాల్లో అతి చెడ్డది సర్వర్ ధీమాగా తప్పు చెప్పడం. 2020 డిసెంబర్ 15న జీమెయిల్ నిజంగా ఉన్న చిరునామాలకే అలాంటి ఖాతా లేదంటూ 550 ఇచ్చింది. అమరికల మార్పిడిలో జరిగిన పొరపాటని గూగుల్ తర్వాత ప్రకటించింది. 4తో మొదలయ్యే జవాబైతే పంపినవాడు ఆగి మళ్లీ వచ్చేవాడు. 5తో మొదలైతే అక్కడితో సరి, ఉత్తరం తిరుగుటపాలో పోతుంది, మెయిలింగ్ జాబితాల నుంచి సభ్యుల పేర్లు తొలగిపోతాయి. చురుకుగా, వేగంగా, 220 నుంచి క్విట్ దాకా అన్నిటికీ సరిగ్గా బదులిచ్చే సర్వర్ చేసిన పని ఇది. అందుకే మెయిల్ సర్వర్‌కు సందేహం వచ్చినప్పుడు 4 చెప్పడం నేర్పడం ఏ హెల్త్ చెక్ కంటేనూ ముఖ్యం. డైరెక్టరీ ఖాళీ జవాబిస్తే వాడుకరి లేడని అర్థం చేసుకునే అమరిక ఎక్కడున్నా సరిదిద్దాలి.

సర్టిఫికెట్‌ల విషయమూ ఇలాంటిదే. బ్యాలెన్సర్ పరీక్షలు సాధారణంగా సర్టిఫికెట్‌ను సరిచూడకుండా దాటవేస్తాయి. సరైన సర్టిఫికెట్ లేకపోతే ఉత్తరం ఇవ్వొద్దని చెప్పే ఎంటీఏ-ఎస్‌టీఎస్ విధానాన్ని ఎన్‌ఫోర్స్‌లో ప్రకటించిన డొమైన్‌లో గడువు తీరిన సర్టిఫికెట్ ఉంటే, ఆ విధానం పాటించే పెద్ద సంస్థలు ఉత్తరం ఇవ్వకుండా వెనుదిరుగుతాయి. పరీక్షకుడికి పచ్చ, పంపేవాడికి ఎరుపు.

తెలుగువారికి ప్రత్యేకంగా పట్టాల్సిన విషయం ఒకటుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్లున్నాయి, తెలుగు లిపిలో ఈమెయిల్ చిరునామా పెట్టుకోవడానికి 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6531 ప్రమాణం ఉంది. సర్వర్ ఈహెలో జవాబులో ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అని ప్రకటిస్తేనే అలాంటి చిరునామాకు ఉత్తరం పోతుంది. పోస్ట్‌ఫిక్స్‌కు ఈ శక్తి 3.0 వెర్షన్‌తో వచ్చింది. బ్యాలెన్సర్ వెనక మూడు సర్వర్లుండి, ఒకటి పాత అమరికతో మిగిలిపోతే, తెలుగు చిరునామాకు రాసిన ఉత్తరం రెండుసార్లు చేరి మూడోసారి తిరిగివస్తుంది. ఫిర్యాదు చేస్తే తిరిగి చేసి చూపించలేరు, లోపం చిరునామాదే అని సర్దేస్తారు. ఈహెలో జవాబులో 250 అంకె ఒక్కటే చూసి తృప్తిపడకుండా, అన్ని సర్వర్లూ ఒకే సామర్థ్యాలు ప్రకటిస్తున్నాయో లేదో రోజుకోసారైనా సరిపోల్చే పరీక్ష ఉంటే ఇది ఒక్క పూటలో దొరుకుతుంది.

ఎవరి పని వారికి

ఎక్స్ఛేంజ్ 2013తో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన మేనేజ్డ్ అవైలబిలిటీ ఈ రంగంలో నాకు నచ్చిన ఏర్పాటు. సర్వర్ తన భాగాలను తానే లోపల నుంచి పరీక్షించుకుంటుంది. ఫలితాన్ని ప్రతి వెబ్ ప్రోటోకాల్‌కూ ఒక హెల్త్‌చెక్ పేజీగా చూపిస్తుంది. బ్యాలెన్సర్ ఆ పేజీకి 200 వచ్చిందా అని చూస్తే చాలు. ఒక సర్వర్‌లో అవుట్‌లుక్ వెబ్ చెడి, యాక్టివ్‌సింక్ బాగుంటే చెడ్డదాన్నే తప్పించవచ్చు. మరమ్మతుకు తీసుకునేముందు ట్రాన్స్‌పోర్ట్ భాగాన్ని డ్రెయిన్ స్థితిలో పెట్టి ఉన్న క్యూను ఖాళీ చేయవచ్చు, నిష్క్రియం చేస్తే అది 421 అని తానే ప్రకటిస్తుంది. లోపం ఒక్కటే: 25వ పోర్టుకు అలాంటి పేజీ లేదు. ఆ గుమ్మం సంగతి నిర్వాహకుడే చూసుకోవాలి.

ఇదే ఆలోచనను హెచ్ఏప్రాక్సీ ఏజెంట్ చెక్‌తో ఎవరైనా అమలు చేయవచ్చు. ప్రతి మెయిల్ సర్వర్ మీద చిన్న ఏజెంట్ ఒకటి ఉండి, తన డిస్కులో ఖాళీ ఎంత, తన క్యూ పెరుగుతోందా, తన మిల్టర్ సాకెట్ పలుకుతోందా అని చూసుకుని, అప్, డ్రెయిన్, 50 శాతం లాంటి ఒక్క మాట చెబుతుంది. క్లౌడ్‌లో అదే ఏజెంట్ హెచ్‌టీటీపీ పేజీ ఇస్తుంది. బయటి నుంచి వంద ప్రశ్నలు వేసి ఊహించేకంటే సర్వర్‌నే అడగడం మేలు. నియమం ఒక్కటి తప్పకూడదు: ఏజెంట్ తన సొంత యంత్రానికి చెందినవే చూడాలి. ఎల్‌డ్యాప్, డీఎన్ఎస్ లాంటి ఉమ్మడి ఆస్తుల మీద అది తీర్పు చెప్పకూడదు. అవి చెడితే సర్వర్ 451 చెబుతుంది, చెప్పనివ్వండి. ఎస్ఎంటీపీ రూపశిల్పులు ఆ జవాబును పెట్టింది అందుకే.

ఉమ్మడి ఆస్తులను, పూచీని, వేగాన్ని కొలవాల్సింది బయట నిలబడి ఉత్తరం పంపే పరీక్ష. అయిదు నిమిషాలకోసారి ప్రతి సర్వర్‌కూ నేరుగా ఒక నిజమైన ఉత్తరం ఇవ్వాలి, అది మెయిల్‌బాక్సులో దిగిందా, ఎంతసేపట్లో దిగింది అని ఐమ్యాప్‌తో తెరిచి చూడాలి. 2022 జనవరి 1 నాటి ఆగిపోవడాన్ని కొన్ని నిమిషాల్లో పట్టుకోగలిగే పరీక్ష ఇది. దాని ఫలితం బ్యాలెన్సర్‌కు వెళ్లకూడదు. డ్యూటీలో ఉన్న మనిషి ఫోన్‌కు వెళ్లాలి.

మీ సంస్థలో మెయిల్ సర్వర్ల ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటే, ఈ వారం టెస్ట్ వాతావరణంలో మూడు పనులు చేయించండి. ఒక సర్వర్ క్యూ డిస్కు నింపండి, ఇంకోదాని మిల్టర్ ఆపండి, ఆ తర్వాత అన్నిటికీ ఎల్‌డ్యాప్ దారి మూసేయండి. ప్రతిసారీ బ్యాలెన్సర్ తెర మీద ఏ రంగు కనిపించిందో, పంపినవాడికి ఏ అంకె వచ్చిందో పక్కపక్కన రాసుకోండి. ఆ కాగితం చూశాక హెల్త్ చెక్ ఎలా మార్చాలో మీకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.